యాభై రెండు లీటర్ల దారి

ప్రియమైన చిట్టీ,

ఫోనులో అడిగితే ఊఁ కొట్టి తప్పించుకుంటావు. అందుకే కాగితం తీశాను.

ఇల్లు మారిన ఎనిమిది నెలల్లో నువ్వు పెట్రోలు రసీదులు పంపడం ఇదే మొదలు, అదీ నేను మూడుసార్లు అడిగాక. నీ ఇంటికీ ఆఫీసుకూ ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు. నెలకు ఇరవై రెండు పనిదినాలు. బండి లీటరుకు పదహారు ఇస్తుంది. ఇల్లు కొనేటప్పుడు నేను వేసిన లెక్కలో నెలకు యాభై రెండు లీటర్లు తేలింది. పోయిన నెల రసీదుల్లో నూట తొమ్మిది ఉన్నాయి. మిగతాది ఎక్కడ తగలేస్తున్నావు? ఎవడితోనైనా తిరుగుతున్నావా? ఉంటే ఉన్నాడని రాయి, నేనేం మింగేయను.

పైగా ఆ రసీదులన్నీ ఊరవతల బంకువి. కాస్త చవకని తొమ్మిది కిలోమీటర్లు పక్కకు పోతావా? ఆఫీసు దగ్గర రెండు గదుల్లో అద్దెకుంటానని నువ్వు మొండికేస్తే, సొంతిల్లే మేలని లెక్క చూపించి ఒప్పించాను. ఆ లెక్కను తలకిందులు చేయకు.

ఆశీస్సులతో,
అమ్మమ్మ

అమ్మమ్మా,

ఎవడూ లేడు. ఉంటే వాణ్ణి కూడా ఆ బంకు క్యూలోనే నిలబెట్టేదాన్ని.

శనివారం పొద్దున్నే వెళ్తాను. అప్పటికే నలభై బండ్లు ఉంటాయి. అందరూ నాలాగే ఊరి చివర ఇళ్ళు కొని ఆఫీసులకు పరిగెత్తేవాళ్ళు. పెట్రోలు కొట్టే ఆయన నాకు "అరట్యాంకు" అని పేరు పెట్టాడు. ఫుల్‌గా ఎప్పుడూ పోయించుకోను కదా. మొన్న క్యూలో నిద్రపోయాను. వెనకాయన దిగొచ్చి అద్దం మీద కొట్టాడు: "ఏమ్మా, పక్కా బొంతా కూడా తెచ్చుకున్నావా?" అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

బండి పాతదైంది అమ్మమ్మా, ఎక్కువ తాగుతోంది. అంతే. ఇల్లు బాగుంది. ఆదివారాలు వెలుగులో చూస్తాను.

నీ
చిట్టి

ప్రియమైన చిట్టీ,

బండి తాగుతోందంటే నేను నమ్మను. మెకానిక్‌కు చూపించి, లీటరుకు ఎంతిస్తుందో అతని చేతే రాయించి పంపు. క్యూలో నిద్రేమిటి? వేళకు పడుకోవడం లేదన్నమాట. ఈ వయసులో నాకే అలసట లేదు, నీకెక్కడిది?

ఆశీస్సులతో,
అమ్మమ్మ

అమ్మమ్మా,

మెకానిక్ చీటీ పెడుతున్నాను. పదహారే. "బండికేం రోగం లేదమ్మా, ముందు మీరు ఇంటికెళ్ళి పడుకోండి" అన్నాడు.

నీకు చెప్పకపోతే మళ్ళీ తిడతావు కాబట్టి చెబుతున్నాను. మంగళవారం ఇంటికొస్తుంటే రెప్ప వాలింది. బండి డివైడర్‌ను గీసుకుంటూ పోయి ఆగింది. నాకేం కాలేదు, తలుపు నొక్కుకుపోయిందంతే. వేరే చోటైతే ఏమయ్యేదో.

ఇక ఆ లీటర్ల సంగతి వదిలెయ్, దండం పెడతాను. నేనే ఏదోలా సర్దుకుంటాను.

చిట్టి

ప్రియమైన చిట్టీ,

నీ ఉత్తరం రాగానే ఇల్లు కొన్నప్పటి కాగితం ముందేసుకుని మళ్ళీ మొదటినుంచి వేశాను. ముప్ఫై ఎనిమిదిని ఇరవై రెండుతో గుణించాను, పదహారుతో భాగించాను. అంతే చేశాను. పొద్దున నిన్ను ఆఫీసుకు పంపాను, సాయంత్రం ఇంటికి తీసుకురాలేదు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. ఇంత తప్పు చేసిన పిల్లను బెంచీ ఎక్కించేదాన్ని.

నీకు మొదటి నెలలోనే తెలిసిపోయి ఉంటుంది. చెబితే నేను చిన్నబోతానని నోరు మూసుకుని, చవక పెట్రోలు కోసం ఊరవతలికి పోయి ఆ తప్పును పూడ్చాలని చూశావు. పెద్దవాళ్ళ తప్పు దిద్దడం అమర్యాద అని నీకు నేర్పింది కూడా నేనే. అదీ తప్పే.

ఆఫీసు దగ్గరి ఆ రెండు గదుల యజమానురాలికి ఫోను చేశాను. అవి ఎప్పుడో పోయాయి. అదే వీధిలో ఒకే గది ఖాళీగా ఉందట, కిటికీ చిన్నదట. నువ్వు వస్తున్నావని చెప్పేశాను. నిన్ను అడగలేదు, తిట్టుకో. నీ ఇల్లు అద్దెకిద్దాం. సామాను సర్దడానికి ఆదివారం వస్తున్నాను.

అంతవరకు సెలవు పెట్టు. బండి తాళాలు పక్కింటివాళ్ళకిచ్చి పడుకో. నేనొచ్చి తలుపు కొట్టేదాకా లేవకు.

అమ్మమ్మ