కొండ అవతలి బడి

నాయనా,

ఈ రోజు నీ సంవత్సరీకం. ఈ సందర్భంగా నీకు విన్నవించుకునేది ఏమంటే, నువ్వు బతికినంతకాలం పాఠాలు చెప్పిన మన ఊరి బడిని, పిల్లలు తక్కువయ్యారన్న కారణంతో, కొండ అవతలి బడిలో విలీనం చేశారు. దూరం నిబంధనలకు లోబడే ఉంది. పటం మీద గీత గీసి కొలిచారు కనుక కొండ అడ్డం రాలేదు. పిల్లలు మాత్రం అడవి అంచున చుట్టు తిరిగి నడవాలి. ఆ దారిలో ఏనుగులు తిరుగుతున్నాయి. విలీనం సంగతి వాటికింకా తెలియపరచలేదు.

నిన్న నీ మనవరాలు దీపాలు పెట్టే వేళ దాటినా రాలేదు. వాకిట్లోనే నిలబడి ఎదురుచూశాను. చివరికి వచ్చింది.

"యాడుంటివి మే ఇంతసేపు?"

"దారిలో ఏనుగుండె నాయనా. అది పోయేదాకా బండ సాటున కూసున్నాము."

"రేపట్నించి బడి వద్దులే."

"రేపు లెక్కల పరీచ్ఛ ఉండాది. తాతుంటే వద్దంటాడా?"

అనవని నాకు తెలుసు. అందువల్ల, నేనూ వెంట వస్తానన్న షరతుపై అనుమతి మంజూరు చేశాను. ఇప్పుడు బయలుదేరుతున్నాం. కంగారులో కుడి చెప్పు ఎడమ కాలికి తొడుక్కున్నాను. అది చూసి తనూ ఒక షరతు పెట్టింది.

"ఏనుగు కనబడితే నోరు మెదపొద్దు నాయనా. నా యెనకాల కూసో."