మామయ్య పంపిన తొడ ఎముక

మేనకోడలికి మామయ్య దీవెనలు.

యావన్మందికీ ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, ఇరవై ఆరేళ్లుగా కత్తి తప్ప మరొకటి ఎరుగని నా మాంసం కొట్టులో నిన్న ఉదయం పది గంటలకు రాతియుగం ప్రారంభమైనది. నువ్వు చెప్పినట్టే చెకుముకి రాయి పగలగొట్టి, ఆ పెచ్చుతో మేక తొడ కోశాను. మేక కంటే నా బొటనవేలే ఎక్కువ తెగింది. ఎముక పార్సిల్లో వస్తోంది. పాతకాలపు వేటగాళ్ల గాట్లతో పోల్చుకో. చదివి చదివి చివరికి నా వృత్తిలోకే వచ్చావు, సంతోషం.

మీ మామయ్య

తా.క. కొట్టుకొచ్చిన ఒకావిడ "కత్తి అమ్ముకున్నావా నాయనా" అని జాలిపడింది. పరిశోధన అన్నాను. పక్క కొట్టుకి వెళ్లిపోయింది.

*

మామయ్యకి నమస్కారాలు.

నీ ఎముకని భూతద్దం కింద పెట్టగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. రాతి గాట్లు మేం తవ్వుతున్న గుహలో దొరికిన రాతియుగపు ఎముక మీది గాట్లలాగే ఉన్నాయి. అంతకంటే వింత, ఆ గాట్ల మీదుగా పంటి నొక్కులు. గుహ ఎముక మీదా అచ్చం అవే. ఏ జంతువు పళ్లో మా ప్రొఫెసర్‌గారికే అంతుపట్టలేదు. నీ ఎముకని కొరికిందెవరు? వచ్చే నెల మొదటి సోమవారం సభలో నేను మాట్లాడాలి. అక్కడ మెప్పిస్తేనే నా ఉద్యోగం ఇంకో ఏడాది నిలుస్తుంది.

నీ కోడలు

తా.క. వేలికి కట్టు కట్టించుకో. వేటగాళ్లకి ఆ సౌకర్యం లేదు.

*

కోడలికి శుభం.

కొరికింది కుక్క. కొట్టు వెనక తిరిగే నల్లకుక్క. చెవి తెగింది, ఒక కన్ను మెల్ల. నేను చేతులు కడుక్కొచ్చేలోగా ఎముక కరుచుకుని ఉడాయించింది. వీధి చివరిదాకా తరిమి లాక్కొచ్చాను.

మీ మామయ్య

తా.క. పరుగులో నా చెప్పు ఒకటి పోయింది. దాన్నీ కొరికే ఉంటుంది, కావాలంటే వెతికి పంపిస్తా.

*

మామయ్యా, నీ నోట్లో పంచదార పొయ్య!

మా గదిలో అందరం గంతులేశాం. అంత పాతకాలంలోనే వేటగాళ్లు కుక్కని పెంచారన్నమాట. ఇప్పటిదాకా ఎవరూ ఇంత మాట అనలేదు. సభలో అదే చెప్పబోతున్నాను. నీ నల్లకుక్క పళ్ల అచ్చు మైనం మీద తీసి వెంటనే పంపు. ఫొటో కూడా పంపు, తెర మీద వేస్తాను.

నీ కోడలు

తా.క. ప్రొఫెసర్‌గారు దాని పేరు అడుగుతున్నారు.

*

కోడలా, సభకి వెళ్లేముందే ఇది చదువు.

మైనం అచ్చు పంపుతున్నాను. ఆ పళ్లు నావి.

డాక్టరు మాంసం మానమన్నాడని మీ అత్తయ్య మూడు నెలలుగా నాకు ఉడికించిన కూరగాయలే పెడుతోంది. చేతిలో మేక తొడ, ఇంట్లో ఎవరూ లేరు. ఉడకబెట్టుకుని, ఆఖరి పీచుదాకా పళ్లతో లాగి, కడిగి పంపాను. కొరికిందెవరని నువ్వు అడిగినప్పుడు, నేను జవాబు రాస్తుంటే మీ అత్తయ్య నా భుజం మీంచి చదువుతోంది. ఇంకేం రాయను?

అంచేత మీ వేటగాళ్లు ఎముకని ఏ కుక్కకీ పెట్టలేదు. కోసినవాళ్లే కూర్చుని కొరుక్కు తిన్నారు. అచ్చు పక్కన పెట్టి చూసుకుని సభలో ధైర్యంగా చెప్పు. కాదన్నవాడి ముందు నేనొచ్చి కొరికి చూపిస్తా.

మీ మామయ్య

తా.క. జవాబు ఇంటికి కాదు, కొట్టుకి రాయి.

ఇంకో తా.క. ప్రొఫెసర్‌గారికి చెప్పు, కుక్కకి పేరు లేదు. చెవీ, కన్నూ, నా చెప్పూ అన్నీ కల్పించినవే. మా వీధిలో అసలు కుక్కే లేదు.