సగం సినిమా కాగితం

హులిగెమ్మా,

నేను ఎమ్మిగనూరుకు పోతాండా. శెనక్కాయ విత్తనాల గది తాళం ఎవురికీ తియ్యొద్దు తల్లీ. ఎవురొచ్చినా ముందు లేదనే సెప్పు. సినిమా కాగితం సించి సగం నీకిచ్చినా గదా, మిగతా సగం తెచ్చి అతికించినోళ్లకే తియ్యి. మొన్న మనూరి దుర్గప్ప వచ్చి, నేను పంపకనే "మీ మామ పంపినాడు" అంటానే ఒక మూట ఎత్తిస్తివి. ఇంగొకటి పోతే సేనుకు విత్తనమే సాలదు.

నిన్న నేనే కాగితం మరిసి వస్తే, "నువ్వైనా సరే, కాగితం యాడ మామా?" అని వానలో నిలబెడితివి. తడిసినా గానీ సంతోషమైంది.

సాయంత్రం విత్తనాలకు బండి తోలుకొని వస్తా. పొద్దున్నే విత్తల్ల.

ఒకటి సెప్పేది మరిసినా. రాసేకి ఇంగేం దొరక్క నా సగం కాగితం యెనకనే ఈ సీటీ రాసినా. ఈ పొద్దుకు నా మొగం సూసి తియ్యి. నేనే రాసినానో లేదో అనుమానముంటే, ఈ సీటీని నీ సగానికి అతికించి సూసుకో.