మాత్రలు ఆపి పాటకు పిలిచిన ఏడుగురి మనవి

చింబోటా గ్రామం,
మలావి సరస్సు పడమటి ఒడ్డు,
జూలై 9.

జిల్లా ఆరోగ్యాధికారి గారి సముఖమునకు

(ఈ కవరు గుమాస్తాలు కాక తామే విప్పవలెనని ప్రార్థన.)

అయ్యా,

విషయం: హెచ్.ఐ.వి. కార్యక్రమం విదేశీ సంస్థ చేతి నుండి మన ప్రభుత్వం చేతికి మారు సందర్భమున, ఏడుగురు రోగులు గాయకులుగా నమోదై, మాత్రలకు బదులు పాటకు పిలుపు అందుకొనుట – సరిదిద్దమని వినతి.

చింబోటా మాధ్యమిక పాఠశాలలో పౌరశాస్త్రం బోధించు ఎలుబే మ్సోంతి అను నేను, మరి ఆరుగురి తరఫున కూడా మనవి చేసుకొనునది ఏమనగా:

1. మేము ఏడుగురము పదకొండేళ్లుగా ఈ మాత్రలు వాడుచున్నాము. మూడు నెలలకొకసారి మాలో ఒకరు వంతు ప్రకారం ఆరోగ్య కేంద్రానికి వెళ్లి అందరి మాత్రలూ తెచ్చి పంచుతారు. ఇది విదేశీ సంస్థవారు ఆమోదించిన పద్ధతి. మిగిలిన ఆరుగురూ ఆ రోజు ఎవరి పని వారు చేసుకుంటారు. మిగతావారి పేర్లు రాసే హక్కు నాకు లేదు. కావున వారిని గొంతుల సంఖ్యతో పేర్కొంటాను. ఒకటో గొంతు నేను.

2. గొంతులని ఎందుకన్నానో విన్నవించాలి. చుట్టరికం లేని ఏడుగురు మంచిచెడ్డలు చెప్పుకోవడానికి నెలకోసారి ఒకే ఇంట్లో తలుపు వేసుకుని కూర్చుంటే ఊరు ఊరుకోదు. అందుచేత గాయక బృందమని చెప్పుకున్నాము. ఒకే రకం ఆకుపచ్చ చితెంజె గుడ్డ కొని నడుముకు చుట్టుకున్నాము. చర్చికి మూడు బృందాలు, చేపల రేవుకు ఒకటి ఉన్న ఊళ్లో ఐదోది ఎవరికీ వింతగా తోచలేదు. ఎక్కడా పాడలేదు. అడిగినవారికి సాధనలో ఉన్నామన్నాము. గ్రామ పెద్దగారు ఒకసారి నన్ను ఆపి, "టీచరమ్మా, ఉన్న బృందాలన్నిట్లోకీ మీదే మేలు. చెవులకి ఏ ఇబ్బందీ లేదు" అన్నారు.

3. సంస్థ ఉద్యోగి మా గుట్టు కాపాడదలచి తన రిజిస్టరులో పేర్లు రాయక, "గాయక బృందం, ఏడుగురు" అని రాసుకున్నాడు. మమ్మల్ని మొహాన గుర్తుపట్టే నర్సు కూడా సంస్థ మనిషే. సంస్థతోపాటు ఆమె వెళ్లిపోయింది. రిజిస్టరు మాత్రం తమ కార్యాలయానికి వచ్చింది. అక్కడెవరో దాన్ని ఎంతో శ్రద్ధగా చదివారు. తత్ఫలితముగా మందుల జాబితాలో మేము లేము. ఈ నెల 24న మంత్రిగారి, విదేశీ అతిథుల ఎదుట జరుగు అప్పగింత ఉత్సవంలో "పదకొండేళ్ల అనుభవము గల" మా బృందం రెండు పాటలు పాడవలెనని ఉత్తర్వు అందినది.

4. దీని విషయమై తమ కార్యాలయ గుమాస్తాను కలిసితిని.

"మేడమ్, మీరు సాంస్కృతిక విభాగం. మందుల కిటికీ అటు."

"అటు వెళితే జాబితాలో లేరు, ఇటు వెళ్లమన్నారు."

"లేరు కదా మరి. పాటగాళ్లకి మందులెందుకు?"

"పాటగాళ్లకి జబ్బులు రావా నాయనా?"

"వస్తాయి. వస్తే రోగులుగా రావాలి. ఎవరికి వాళ్లు, బుధవారం, వరసలో. బృందంగా వస్తే పాటే."

అతని మీద నాకు కోపం లేదు. తన పుస్తకం ప్రకారం అతడు సరిగానే మాట్లాడాడు.

5. సదరు బుధవారపు వరస గురించి. వరస నిలబడే చోట, చేపల సంతకు ఎదురుగా, కొత్త బోర్డు జబ్బు పేరు అరకిలోమీటరు దూరానికి కనబడునంత పెద్ద అక్షరాలతో పెట్టారు. మా నాలుగో గొంతు ఆ సంతలోనే ఉసిపా చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. పక్క బల్ల ఆమె అత్తగారిది. "ఆ బోర్డు కింద నిలబడేకన్నా మాత్ర మానేస్తాను టీచరమ్మా, మానేస్తే చావడానికి టైం పడుతుంది, అత్త చూస్తే ఆ పూటే" అని నవ్వుతూ అంది. నేను నవ్వలేకపోయాను. మాత్రలు ఈ నెల 26 వరకే ఉన్నాయి. ఆమె మాత్రం అప్పుడే రోజు విడిచి రోజు వేసుకుంటోంది, ఎక్కువ రోజులు వస్తాయని. అది తప్పని, ఆ తర్వాత ఏ మందూ పనిచెయ్యకుండా పోవచ్చని తమకు నేను చెప్పనక్కరలేదు. ఆమెకు చెప్పాను. "తెలుసు" అంది.

6. మన మాత్రలు మన ప్రభుత్వమే ఇవ్వాలని తరగతిలో ఏళ్ల తరబడి పాఠం చెప్పినదాన్ని. పరాయివాడి దయ మీద బతికే ప్రాణం ఎన్నాళ్లు నిలుస్తుందని నల్లబల్ల మీద రాసి గీత కూడా గీశాను. ఇప్పటికీ ఆ మాట సరైనదనే అనుకుంటాను. దాక్కోవడమే మా తప్పేమోనని, పదకొండేళ్ల క్రితమే బోర్డు కింద ధైర్యంగా నిలబడి ఉంటే ఇవాళ బోర్డుకి పదును ఉండేది కాదేమోనని కూడా అనుకుంటాను. కాని ఇంకొకరి ధైర్యాన్ని నేను నిర్ణయించగలనా? అర్జీలో ప్రశ్న ఉండరాదంటారు. క్షమించవలెను.

7. తమ కార్యాలయం పంపిన సంగీత శిక్షకుడు శ్రీ గిఫ్టన్ చిసాలే శనివారం వచ్చి మాకు పరీక్ష పెట్టారు. మేము పాడాము. ఆయన కాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు.

"పదకొండేళ్లా?" అన్నారు.

"అవును సారూ."

"వారానికి ఎన్ని గంటలు?"

ఆరో గొంతు పడవలు చేసే వడ్రంగి. "నెలకి ఒకటి సారూ. అందులోనూ సగం టీకే" అన్నాడు.

"మిగతా సగం కూడా టీకే ఇవ్వాల్సింది బాబూ" అని ఆయన లేచారు. అసలు సంగతి ఆయనకు తెలియదు. నేను కోరగా తన అభిప్రాయం సంతకంతో రాసి ఇచ్చారు. ఆ పత్రం ఇందు వెంట జతపరచడమైనది.

కావున ప్రభువులు దయచేసి, (అ) మమ్ము గాయకుల జాబితా నుండి తొలగించి మందుల జాబితాలో, పేర్ల బదులు అంకెలతో, చేర్చవలెను. (ఆ) వంతుల వారీగా ఒకరే వచ్చి ఏడుగురి మాత్రలు తీసుకొనిపోవు పాత పద్ధతిని కొనసాగించవలెను. (ఇ) ఈ రెండూ 26వ తేదీ లోపుననే జరిపించవలెను. ఏడు ప్రాణములు తమ ఒక్క సంతకము కొరకు ఎదురుచూచుచున్న సంగతి తమరు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఎలుబే మ్సోంతి

తా.క.: అయ్యా, నిన్న సాయంత్రం అందరం కూర్చుని ఒక తీర్మానం చేసుకున్నాము. 24 లోగా మాత్రలు వస్తే ఉత్సవానికి రాము; పెళ్లింట తుమ్ములా అపశకునంగా మా గొంతు అక్కడ వినబడదు. రాకపోతే ఉత్తర్వును శిరసావహించి తప్పక వస్తాము. మంత్రిగారి ఎదుట, అన్ని చరణాలూ పాడతాము. ఎంత ప్రమాదమో శ్రీ చిసాలేగారి పత్రం చదివితే తెలుస్తుంది.

ఇక్కడితో ఆపుదామనుకున్నాను. ఏం పాట పాడదామని అడిగితే నాలుగో గొంతు తాను కట్టేసిందన్నది. మొదటి చరణంలో తన పేరు, ఊరు, సంతలో తన బల్ల గుర్తు, తను వేసుకునే మాత్ర రంగు. వద్దే, మీ అత్త ముందు వరసలో కూర్చుంటుందే అన్నాను.

"కూర్చోనీ. మీ ఆఫీసరుగారి పుస్తకంలో నన్ను రాస్తే ఈ పాట చించేస్తాను టీచరమ్మా. రాయకపోతే పాడతాను. నేను లేననుకుని ఎవరైనా మందు ఆపేస్తే, ఉన్నానని ఎక్కడో ఒకచోట వినబడాలిగా"

అని ఆ చరణం ఒక్కతే పాడి వినిపించింది, ఎక్కడా శ్రుతి తప్పలేదు. మా ఏడుగురిలో నిజంగా పాడగలిగింది ఆమె ఒక్కతే అని మాకు నిన్ననే తెలిసింది.