పన్నెండో రంధ్రం

స్కార్డాలెన్ పురపాలక సంఘం, స్కీ బాటల అధికారి గారి సముఖమునకు
ఆస్మున్ త్వైతెన్, విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు, సరస్సు మంచు కొలతల బాధ్యుడు వ్రాసుకొన్నది.
శుక్రవారం, ఫిబ్రవరి 20.

అయ్యా,

విషయం: గ్రెన్ సరస్సుపై నేనిచ్చిన మంచు కొలత పత్రం రద్దుచేసి, ఆదివారం స్కీ పందేన్ని ఒడ్డు దారికి మళ్ళించుట గురించి.

ఈ నెల తొమ్మిదిన నా భార్య సిగ్నే, పందెం బాటకు గుర్తులు నాటడానికి మంచు మీద లాగే స్లెడ్జి బండిలో తొంభై బర్చ్ చెట్టు కొమ్మలు వేసుకుని బయలుదేరింది. నేనూ వస్తానన్నాను.

"ఆ మోకాలేసుకునా? కొమ్మలతో పాటు నిన్ను కూడా లాక్కెళ్ళాలి. కూర్చో మహానుభావా, వచ్చేసరికి కాఫీ పెట్టి ఉంచు" అంది. తలుపు దగ్గర ఆగి, "వాగు కలిసే ఇరుకు దగ్గర మంచెంత మందముంది?" అని అడిగింది.

"ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు" అన్నాను.

డెబ్బై ఒక్క కొమ్మలు నాటింది. పన్నెండున్నరకు ఇరుకు దగ్గర మంచు విరిగింది.

మనవి చేసుకొనునది:

1. పత్రంలో మంచు మందం చూసే పన్నెండు రంధ్రాల కొలతలున్నవి. నేను తవ్వినవి పదకొండు. వాగు వచ్చి కలిసే ఇరుకులో పన్నెండవది తవ్వలేదు. మోకాలు నొప్పిగా ఉండినది. నిరుటి పత్రం చూసి ఇరవై ఎనిమిది వేశాను.

2. విచారణకు వచ్చిన పోలీసులకు ఇది చెప్పాను. నా భుజం తట్టారు. వ్రాసుకోలేదు.

3. పందెం సంఘం అధ్యక్షురాలు రాగ్న్‌హిల్ద్ నా విద్యార్థిని. బాటను ఇరుకులోనే నలభై మీటర్లు పక్కకు జరిపారు. "మాస్టారూ, లెక్క తప్పితే మమ్మల్ని బోర్డు దగ్గర నిలబెట్టిన మనిషి మీరు. మీరు దొంగ అంకె వేశారంటే ఎవరు నమ్ముతారు? దుఃఖంలో అలాగే అనిపిస్తుంది. ఈసారి పందేనికి సిగ్నేగారి పేరే పెట్టాం" అంది. తెచ్చిన రొట్టె బల్ల మీద పెట్టి వెళ్ళింది.

4. తమ కార్యాలయపు గుమాస్తా చెప్పినది: "కొలిచినవారే మళ్ళీ కొలిచి మార్చాలండి. కానీ మీరు సంతాప సెలవులో ఉన్నారు. సెలవులో కొలిస్తే చెల్లదు."

"సెలవు నేనడగలేదు."

"అడగక్కర్లేదండి, దానంతటదే వస్తుంది."

వేరొకరిని పంపమన్నాను. "పత్రం ఇరవై ఒక్క రోజులు చెల్లుతుంది కదండీ, మళ్ళీ ఎందుకు?" అన్నాడు.

5. ఆదివారం రెండు వందల నలభై మంది ఆ బాట ఎక్కుతారు. ముందు వెళ్ళేది పన్నెండేళ్ళ లోపు పిల్లలు. ఇరుకు దగ్గర వారికి నా ఇరవై ఎనిమిది తప్ప వేరే ఆధారం లేదు. ఆమెకూ అదే ఉండినది.

కావున నన్ను క్షమించుట కాక, నా మాట నమ్ముటయే దయగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఆస్మున్ త్వైతెన్

తా.క. కార్యాలయం మూసినందున దీన్ని మీ ఇంట్లో ఇస్తున్నాను. రేపు ఉదయం ఎనిమిదింటికి తాడు కట్టుకుని వెళ్ళి పన్నెండో రంధ్రం తవ్వుతాను. గట్టి మంచు మీద నిలబడి రెండో కొస పట్టుకునే మనిషి కావాలి. మీరొస్తే అంకె మీ కళ్ళతోనే చూడవచ్చు. రాకపోతే తాడు ఒడ్డున చెట్టుకు కడతాను. కొమ్మలు లేని బాట మీద పందెం నడపరాదన్నది మీ నిబంధనే. కొలిచాక ఆమె నాటినవన్నీ పీకుతూ ఇంటివైపు వస్తాను, డెబ్బై ఒకటో దానితో మొదలుపెట్టి.