మల్లేశ్ రక్తంలో కనిపించనిది

మస్కట్, 2015 నవంబరు, మంగళవారం రాత్రి

సోహార్ ప్లాంటులో ఒళ్లు కాలిన మల్లేశ్ ఈ ఉదయం పోయాడు. అక్కడి ఆస్పత్రి నుంచి నర్సు సువార్తక్క ఫోన్ చేసేసరికి నేను ల్యాబ్‌లో అతని రక్తాన్నే, అణువుల్ని గుర్తించి కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పరీక్షిస్తున్నాను.

వాపును చల్లార్చే కొవ్వు అణువులు అందులో ఎన్ని ఉన్నాయో చూడాలి. ఒక్కటీ కనిపించలేదు. మిషన్ తప్పేమోనని, అవి ఉన్నాయని ముందే తెలిసిన నమూనా పెట్టాను. దాన్ని సరిగ్గానే చూపించింది. అతని ఒంట్లో అవి తయారే కాలేదా? లేక సోహార్ నుంచి రెండొందల కిలోమీటర్లు నేను తెస్తున్నప్పుడు ఎండకి పాడైపోయాయా? ఇక్కడికొచ్చి పెట్టె తెరిస్తే ఐసు కరిగి నీళ్లే ఉన్నాయి. మళ్లీ చూద్దామంటే ఇంకో చుక్క లేదు, ఇక దొరకదు.

రక్తం తీసుకునేటప్పుడు అతను అడిగాడు, "గిది జూస్తే నాకీ గాయాలు తక్కువైతయా మేడమ్?"

"నీకు కాదు మల్లేశ్, తర్వాత వచ్చేవాళ్లకి."

"అట్లనే తీస్కోండ్రి" అని కట్టు లేని చెయ్యి చాపాడు.

"ఏమైనా తేలిందా చెల్లీ?" అంది ఫోన్‌లో సువార్తక్క. "వాళ్ల తమ్ముడు నా పక్కనే ఉన్నాడు. అన్న రక్తం పనికొచ్చిందా అని అడుగుతున్నాడే."

పనికొచ్చిందని చెప్పమన్నాను. అక్క చెప్పడమూ, అతను ఏడవడమూ వినిపించాయి.