డివైడర్ సందు మూసేశారు

సత్యం,

అనకాపల్లి హైవే మీద నిన్ను లారీ గుద్దిన చోట డివైడర్ సందు ఈరోజు మూసేశారు. చెరకు బళ్ళు దాటే ఆ సందు మూయాలని పేపర్లో రాసింది నువ్వే. ప్రమాదం జరిగితే నేను పోలీసు స్టేషనుకి ఫోన్ చేసి పేర్లు రాసుకునేవాణ్ణి. నువ్వు వెళ్ళి సందు వెడల్పు అడుగులేసి కొలిచేవాడివి.

"నువ్వు సచ్చినోల పేర్లు రాసేవు బావా, ఆయన రోడ్డు సంగతి రాసేడు. ఇది ఆయన మూయించిందే," అన్నాడు టీకొట్టు అప్పన్న.

ఆ మాటకి నీమీద మళ్ళీ కుళ్ళు పుట్టింది. విలేకరులుగా ఇద్దరం ఇన్నేళ్ళు రాస్తే, నువ్వు పోయాక కూడా పేరు నీకే.

నీ చావు వార్త కూడా ఫోన్ మీదే రాశాను. ఈరోజు మొదటిసారి అక్కడికి వెళ్ళాను. నీ కొలత తప్పేమోనన్న ఆశతో కొత్త సిమెంటు దిమ్మెల పక్కన అడుగులేశాను. పద్నాలుగు.

నువ్వు రాసిందీ పద్నాలుగే.